‘పార్లే’కు ఆరు రూపాలు

కొత్తగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను ఫ్రెంచ్ చెప్తాను. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి కూతురిని. ఈ ఊళ్లో ఆ భాష ఎవరికి అక్కర అని మా నాన్న బతికున్నన్నాళ్లూ అడిగేవాడు. మార్కులకు అక్కర. తెలుగులో కన్నా ఎక్కువ పడతాయని పిల్లలు చేరతారు. పరీక్ష రాసిన మర్నాటికి మర్చిపోతారు.

ఆ పిల్ల మాత్రం మర్చిపోయే రకం కాదు. ఏన్కూరు అవతల ఒక తండా నుంచి వచ్చి కాలేజీ హాస్టల్లో ఉండేది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు. నాలుగో భాష ఆమెకు బరువనిపించలేదు. ముక్కుతో పలికే శబ్దాలు క్లాసు మొత్తంలో ముందు ఆమెకే పట్టుబడ్డాయి.

సెకండియర్లో, వానలు తగ్గే రోజుల్లో, చెప్పాపెట్టకుండా తొమ్మిది రోజులు రాలేదు. ఆ రోజుల్లోనే నేను ప్లూ-క-పర్ఫే చెప్పాను. జరిగిపోయిన పనికన్నా ముందే జరిగిపోయిన ఇంకో పనిని చెప్పే కాలం అది. మేం స్టేషన్‌కు చేరేసరికి బండి వెళ్లిపోయింది అంటే మనకు సరిపోతుంది. ఫ్రెంచ్‌లో ఆ వెళ్లిపోవడానికి వేరే రూపం ఉంది. చాలా క్రియలకు ‘అవ్వార్’ అనే సహాయక క్రియను భూతకాలంలోకి మార్చి, దాని పక్కన అసలు క్రియను పెట్టాలి. ఉదాహరణకు నేను తీసుకున్నది ‘పార్లే’, అంటే మాట్లాడటం.

పదోరోజు ఆమె వెనక బెంచీలో కనిపించింది. నాకు కోపం వచ్చింది. బాగా చదివే పిల్ల మీద వచ్చే కోపం వేరుగా ఉంటుంది.

“ఏడికి వోయినవ్ ఇన్ని రోజులు?”

“ఇంటికాడ ఉన్న మేడం.”

“ఏంది, పండుగా? పెండ్లా?”

ఆమె బెంచీ మీది పుస్తకం తెరిచింది.

“లే. పార్లేకు ప్లూ-క-పర్ఫే చెప్పు.”

పక్కపిల్ల నోట్సులో అప్పటికే చూసుకున్నట్టుంది. చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. “జావే పార్లే. త్యు అవే పార్లే. ఎల్ అవే పార్లే. నూ జావ్యోఁ పార్లే. వూ జావ్యే పార్లే. ఎల్ జావే పార్లే.” ఆరింటిలో ఒక్క తప్పు లేదు. అక్కడితో కూర్చోమని ఉండాల్సింది. తప్పు దొరక్కపోవడంతో, నిజం చెప్పాలంటే, నాకు ఇంకా మండింది.

“వాక్యంల పెట్టి చెప్పు.”

“కాఁ జ స్వీ జారివే, మా మేర్ అవే పార్లే,” అంది. నేను వచ్చేసరికి మా అమ్మ మాట్లాడి ఉంది అని.

“ఎవలతోని మాట్లాడింది? ఏం మాట్లాడింది? గిది సగం వాక్యం,” అన్నాను. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.

“తెల్వదు మేడం. నేను వొయ్యేసరికే మాటలు అయిపోయినయ్.”

ఎదురు చెప్తోందనుకున్నాను. “రేపు మీ అమ్మను తోల్కరా. అప్పటిదాంక నా క్లాసుకు రాకు.”

“అవ్ మేడం,” అని పుస్తకాలు సర్దుకుని బయటికి వెళ్లింది.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. స్టాఫ్‌రూం గుమ్మం ముందు చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

“మేడం, బిడ్డను తల్లిని తీస్కరమ్మన్నరంట. తల్లి లేదు. జరమొచ్చి ఖమ్మం దవాఖానాల పోయింది. పది పదకొండు దినాలైంది. నేనొస్తే నడుస్తదా?”

గదిలో ఉన్న మిగతా లెక్చరర్లు పేపర్లలోకి తలలు దించుకున్నారు. నేను లేచి కుర్చీ జరిపాను. ఆయన కూర్చోలేదు.

“నాకు తెల్వదన్నా,” అన్నాను.

“మీకెట్ల తెలుస్తది,” అన్నాడు. గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. “పిల్ల సరిగ తింటలేదు. జర చూస్కోన్రి,” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె ఇంకో వారం క్లాసుకు వచ్చింది. నేను ప్రశ్నలు అడగలేదు, ఆమె తల ఎత్తలేదు. తర్వాత పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లింది. ఇంట్లో చెల్లెలు చిన్నది, వండిపెట్టేవాళ్లు లేరు.

మిరపకాయ ఏరే రోజుల్లో ఒక ఆదివారం బస్సులో ఏన్కూరు వెళ్లి, ఆటోలో తండా చేరాను. చేనులో ఉంది, నోటికి గుడ్డ కట్టుకుని. నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది. ఆ రోజు క్లాసులో నేనన్న మాటలకు క్షమించమన్నాను.

“గది కాదు మేడం,” అంది. కాయల్లోంచి ఎండుటాకులు తీసి పారేస్తూ చెప్పింది. తల్లిని దవాఖానాలో చేర్చిన పొద్దున కాలేజీకి ఫోన్ వచ్చింది. అప్పుడు తను పరీక్ష రాస్తోంది. అటెండర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. “మీరు చెయ్యి చూపెట్టిన్రు, ఆగుమని. పేపర్ ఐనంక చెప్పిండు. గంటన్నర పట్టింది.”

నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ తలుపు, ఆ మనిషి గుర్తు రాలేదు. “ఏం పేపరది?” అని అడిగాను.

“మనదే. ఫ్రెంచ్.”

ఖమ్మంలో బస్సు దిగి ఉరికిందట. తండ్రి వార్డు బయట నిలబడి ఉన్నాడు. “గంట కింది దాంక మాట్లాడిందంట. నన్నే అడిగిందంట.”

“ఏమడిగింది?”

“నాయిన చెప్తలేడు.”

సాలు మిగిలిందని లేచింది. నాకు వెళ్లబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధీ కాలేదు. కొంగు దోపుకుని పక్క సాలులో ఏరడం మొదలుపెట్టాను. నాకు ఆ పని చేతకాదు, తొడిమలు విరిగిపోతున్నాయి. కళ్లు తుడుచుకోబోతుంటే చూసి, “చెయ్యి కండ్లకు పెట్టకున్రి మేడం, మండుతది,” అంది.

ఆ యేడు పబ్లిక్ పరీక్షలకు వచ్చింది. ఫ్రెంచ్ పాసైంది, మిగతావి చాలా పోయాయి. సప్లిమెంటరీ రాయమని చెప్పడానికి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ చెల్లెలే ఎత్తి, అక్క పనికి వోయింది అని చెప్పింది. మూడోసారి చేయలేదు.