కొబ్బరినీళ్లలో నురగమందు

అప్పలకొండ జాలర్ల ఇంట పుట్టాడు గానీ, సముద్రం అతన్ని ఏనాడూ తనవాడిగా ఒప్పుకోలేదు. పడవ ఒడ్డు విడిచిందంటే కడుపులో ఉన్నదంతా చేపలకు దానమే. శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా ఓడలో తలెత్తలేదు. ఇక్కడే ఉండిపోవడానికి అసలు కారణం తిరుగు ఓడంటే భయమేనని అతనుండే బతు బస్తీ పేటలో అందరికీ తెలుసు. తోటివాళ్లు వేటకెళ్లి బతికారు. ఇతను చాతం జెట్టీ దగ్గర కొబ్బరి బొండాలు కొట్టి బతికాడు. పెళ్లాం బుల్లమ్మ చేపలమ్మేది. మా ఆయన కూడా గాలం వేస్తాడు, కాకపోతే మనుషులకు, అనేది.

బొండాలతో ఒక చిక్కుంది. ఫెర్రీ కూత వేసిందంటే జనం పరుగే పరుగు. కొట్టి, తాగి, లేతకొబ్బరి గీక్కుతినే తీరిక ఎవడికుంటుంది? నీళ్లు పొద్దున్నే సీసాల్లోకి పోసి పెట్టుకుంటే పరిగెత్తేవాడి చేతిలో పెట్టొచ్చు కదా అని అప్పలకొండకు తోచింది. పోశాడు. పొద్దున కన్నీళ్లలా తేటగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి గులాబీ రంగు తిరిగాయి. రంపం మిల్లులో పనిచేసే ఒకాయన సీసా ఎండకెత్తి చూసి, "భయ్యా, ఇసమే పాన్ కిసనే థూకా?" అన్నాడు. అందులో పాన్ ఉమ్మిందెవరని. అప్పలకొండ గంగమ్మ మీద ఒట్టేశాడు. ఆ ఒట్టేసిన నోరు కిళ్లీతో ఎర్రగా ఉండడం వల్ల ఎవరూ నమ్మలేదు.

బుల్లమ్మ తమ్ముడు కన్నారావు ఒక ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. కట్టేది కట్లే అయినా ధీమా పెద్దడాక్టరుది. నీళ్లలో పురుగు పడిందని తేల్చేసి, పుండు మీద పోస్తే బుసబుసా పొంగే మందు, హైడ్రోజన్ పెరాక్సైడ్, సీసా ఒకటి తెచ్చాడు.

అప్పలకొండ భయపడుతూ నాలుగు చుక్కలేశాడు. మధ్యాహ్నం దాకా పట్టే ఎరుపు, బీడీ ముట్టించుకునేలోపు వచ్చేసింది. కన్నారావు మొహం చిన్నబుచ్చుకోలేదు. "డోసు సాల్లేదు బావా" అని ఇంకో సీసాలోకి మందు గలగలా ఒంపేశాడు. నీళ్లలో బుడగలు లేచాయి గానీ రంగు రాలేదు. సాయంత్రం తెలుపే. మర్నాడూ తెలుపే. బావాబామ్మర్దులు కావిలించుకున్నారు.

ఇక రుచి చూడాలి. కన్నారావుకు ఉన్నట్టుండి డ్యూటీ గుర్తొచ్చింది. అప్పలకొండ ఒక్కడే గ్లాసుడు తాగాడు. కాసేపటికి పొట్ట తబలాలా బిగిసింది. పెద్ద త్రేనుపు, దాని వెనకే నోటా ముక్కునా నురగ. పాము కరిచిందన్నారు కొందరు, మూర్ఛ అని కొందరు చేతిలో తాళంచెవి పెట్టారు. బేంబూఫ్లాట్ ఫెర్రీ కోసం నిలబడ్డ కెమిస్ట్రీ టీచరు భారతీదేవి మాత్రం అతను తాగిందేమిటని అడిగింది. తెలుసుకుని, జీపెక్కించి ఆసుపత్రికి పంపింది. అక్కడ చెయ్యి పట్టుకుని పడుకోబెట్టింది కన్నారావే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

లేచి తిరగ్గలిగాక అప్పలకొండ నేరుగా టీచరమ్మ బడికెళ్లాడు. బతికించినందుకు దండం పెడతాడనుకుంటే, నిలదీశాడు. కాసింతేస్తే ఎరుపెక్కించిన మందు, ఎక్కువేస్తే ఎరుపెందుకు రానియ్యలేదు?

ఆమెకు ప్రశ్న నచ్చింది. కొబ్బరినీళ్లలో పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుందని చెప్పింది. అది పురుగు కాదు, పనిచేసే ప్రోటీను. నీళ్లకు రంగు తెచ్చేవాటిలో అదొకటి. ఆ పనికి దానికి కావలసిన సరుకు పెరాక్సైడే.

"కొంచెం అందిస్తే చకచకా రంగు తయారుచేస్తుంది. నువ్వేమో ఒక్కసారే కుమ్మరించావు. పని మధ్యలోనే ఇరుక్కుపోయింది. దాని నడుమ ఇనుమున్న భాగం ఒకటుంటుంది, ఆ మందే దాన్ని విరగ్గొట్టేసింది."

అప్పలకొండ ఆలోచించాడు. "అచ్చం మా కన్నారావేనమ్మా. పెళ్లిలో రెండు లడ్డూలు పెడితే పందిరంతా ఆడే కడతాడు. బేసినుడు ముందరెడితే పందిరి కిందే పడిపోతాడు."

"మీ కన్నారావు మర్నాడు లేస్తాడు. ఇది లేవదు."

"ఆడు లేచినా పనికి రాడు లెండి."

ఆమె నవ్వాపుకోలేక, ఇంకెప్పుడూ ఆ నీళ్లు ఎవరికీ తాగించొద్దని ఒట్టేయించుకుంది. సీసాల వ్యాపారం అక్కడితో సరి. జనం కూత విని పరిగెత్తేవాళ్లు పరిగెత్తారు, ఆగేవాళ్లు ఆగారు.

కానీ టీచరమ్మ అతన్ని వదల్లేదు. క్లాసుకు బొండాలతో రమ్మంది. అప్పలకొండ ఉతికిన చొక్కా తొడిగి, గ్లాసులు వరసగా పెట్టి, ఒకదాంట్లో చుక్కలేసి, ఇంకోదాంట్లో ఒంపి, "దేఖో బచ్చా లోగ్", చూడండి పిల్లలూ, అని మొదలెట్టాడు. పెరాక్సిడేజ్ అతని నోట్లో పరాసి దాసు అయింది. కాసేపటికి ఉత్త దాసు. దాసుకు ఆకలెక్కువ, బుద్ధి తక్కువ, పెళ్లిభోజనమంటే ప్రాణం. టీచరమ్మ మధ్యమధ్య దిద్దబోయి ఊరుకుంది. ఆ గంటంతా వెనక బెంచీ కూడా నిద్రపోలేదు.

తర్వాత ఏటేటా పిలుపొచ్చేది. ఆ రోజు బేరం పోతుందని బుల్లమ్మ సణిగేది గానీ, చొక్కా మాత్రం ముందురోజే ఉతికి ఆరేసేది. మొదటి ఏడు పరీక్షలో ఎక్కువైన పెరాక్సైడ్ ఏం చేస్తుందని అడిగితే, సగం క్లాసు "దాస్ జ్యాదా ఖాకే మర్ గయా" అని రాసింది, దాసు ఎక్కువ తిని చచ్చాడని. భారతీదేవి చాలాసేపు ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చుని, పేరు తప్పు రాశారని ఒక్క మార్కు కోసి, మిగతావి వేసేసింది.