మూడో గుమ్మం రుఫీనా

క్రిస్మస్ ముందొచ్చే ఆగమన కాలంలో మూడో ఆదివారం నాడు రుఫీనా పూజ మధ్యలో లేచి గుడి బయటికి నడిచింది. ఆ రోజు ఫాదర్ గారు గులాబీ రంగు అంగీ వేసుకున్నారు, పీఠం పక్కన గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించారు. ఇది ఆనంద ఆదివారం, ప్రభువు దగ్గరికి వచ్చేస్తున్నాడు, ఎన్ని కష్టాలున్నా మనసులో సంతోషం ఉండాలి అని ప్రసంగం మొదలుపెట్టారు. సంతోషం అన్న మాట నాలుగోసారి చెవినపడేసరికి రుఫీనాకి కూర్చున్న బల్ల నిప్పుల మీద పెట్టినట్టయింది.

గుమ్మం దగ్గర ఉపదేశి ఇలార్యో అడ్డం వచ్చాడు. "ఏం రుఫీనా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. చెవులే బాలేవు" అని ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

సాన్ రోకే వాడలో ఆమె కోపం ఎందుకో తెలియనివాళ్ళు లేరు. వానాకాలంలో, నైరుతి గాలి తోలిన రోజున, ఆమె కొడుకు ఎలీసియో, వాడి స్నేహితుడు నార్సిసో సరస్సులో చేపల దడి బాగుచేద్దామని ఒకే పడవలో వెళ్ళారు. నార్సిసో ఒక్కడే తిరిగొచ్చాడు. కొడుకు పోయిన సంగతి రుఫీనా చేపల బజారులో విన్నది, తిలాపియాలు బేరమాడుతూ. అమ్మే మనిషి తక్కెడ కింద పెట్టి, "నీకింకా తెలీదా అక్కా?" అంది.

నార్సిసో ఆ రోజు రాలేదు. తొమ్మిది రోజుల ప్రార్థనలకి వాడలో అందరూ వచ్చారు, వాడు రాలేదు. నలభయ్యో రోజు భోజనానికీ రాలేదు. దారిలో ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. చిన్నప్పుడు వాడు తమ ఇంట్లో తిన్నంత అన్నం ఆమె కొడుకు కూడా తిని ఉండడు.

"దేవుడి చిత్తం అమ్మా, క్షమించెయ్యి" అని వచ్చినవాళ్ళందరూ చెప్పారు. రుఫీనా అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "సరస్సు మీద నాకు కోపం లేదు. అది నీళ్ళు. దానికి నోరు లేదు. వాడికుంది."

*

రుఫీనా పుట్టింది సరస్సు ఒడ్డున కాదు, కొండవైపు కొబ్బరి తోటల్లో. పెళ్ళయి ఈ వాడకొచ్చాక అత్తగారు అసియాంగ్ చేతికింద బిబింకా కాల్చడం నేర్చుకుంది. బియ్యం నానబెట్టి, రుబ్బి, ఆ పిండి కాస్త పులిశాక కొబ్బరిపాలు కలిపి, అరిటాకు పరిచిన మట్టి మూకుడులో పోసి కాల్చే రొట్టె అది. కింద కుంపట్లో నిప్పులు, పైన రేకు మూతమీద నిప్పులు. కింద నిప్పే ఉంటే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. పైన ఎక్కువైతే మొహం మాడి పొట్ట పచ్చిగా ఉంటుంది. అత్తగారు నోటితో నేర్పే మనిషి కాదు. కోడలు తప్పు చేస్తే మూత ఎత్తి చూపించి, ఆ రొట్టె ఆమెకే పెట్టేది. పెళ్ళయిన మొదటి క్రిస్మస్ అంతా రుఫీనా మాడినవి, పచ్చివి తిన్నది. రెండో క్రిస్మస్‌కి ఆమె బిబింకా కోసం పక్క వాడలవాళ్ళు తెల్లవారుజాము పూజకి ఇక్కడికే రావడం మొదలుపెట్టారు.

అత్తగారి దగ్గర్నుంచి సంక్రమించింది ఇంకొకటి ఉంది, మూడో గుమ్మం. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వాడలో మరియతల్లి, ఆమె భర్త జోజప్ప వేషాలు కట్టినవాళ్ళు రాత్రికి తలదాచుకునే చోటు అడుగుతూ మూడిళ్ళ తలుపులు తడతారు. మూడిళ్ళవాళ్ళూ పాటతోనే పొమ్మంటారు. ఆఖరికి వాళ్ళు గుడికి చేరతారు, అక్కడ తలుపులు తెరుచుకుంటాయి. మూడో ఇల్లు మరీ కటువుగా తరమాలని ఆనవాయితీ. అసియాంగ్ పటకారు చేత్తో పట్టుకుని తరిమేది. ఆమె పోయాక ఆ పటకారు, ఆ పాట రుఫీనాకి వచ్చాయి. సహజంగానే నోరున్న మనిషి కాబట్టి పాటకి నాలుగు తిట్లు సొంతంగా చేర్చేది. జనం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు కూడా ఆమె కుంపటి ఆర్పలేదు. ఎలీసియో పక్కనుండి నిప్పులు చూసుకునేవాడు. మొదటి బిబింకా రుచి చూసేది వాడే. "ఎలా ఉందిరా?" అంటే, "ఇంకోటి తింటేగానీ చెప్పలేను" అనేవాడు.

ఈ ఏడు ఆమె కుంపటి మెట్ల కింద బోర్లించేసింది. క్రిస్మస్ ముందు తొమ్మిది రోజుల తెల్లవారుజాము పూజలు మంగళవారం మొదలు. "బిబింకా చెయ్యవా అక్కా? అది లేని క్రిస్మస్సేం క్రిస్మస్?" అని అడిగిన పక్కింటి పూరిఫికాని, "నీకు బాలయేసు కావాలా, బాన కడుపు నిండాలా?" అని కడిగేసింది.

*

పూజ అయ్యాక ఇలార్యో ఆమె ఇంటికి వచ్చాడు. మెట్టు ఎక్కకుండా కింద నిలబడే టోపీ తీశాడు. అది చూసి రుఫీనాకి అనుమానం వచ్చింది.

"మధ్యాహ్నం చోటు అడిగే పాట అభ్యాసం. మొదటి గుమ్మం నుంచి మొదలుపెడతాం."

"తెలుసు."

"ఈసారి మరియతల్లి... తెరెసీతా."

తెరెసీతా నార్సిసో భార్య. వాడ ఆచారం ప్రకారం ఆ ఏడు కడుపుతో ఉన్న ఇల్లాలే మరియతల్లి, ఆమె మొగుడే జోజప్ప. పుట్టబోయే బిడ్డకి మంచిదని నమ్మకం.

రుఫీనా చీపురు గోడకి ఆనించింది. "వాడలో ఇంకెవరికీ కడుపు రాలేదా?"

"వస్తే వాళ్ళకే వేషం కట్టించేవాణ్ణి కాదా? ఆ పిల్ల ఒక్కతే."

"అయితే మూడో గుమ్మం మార్చు."

"ఎలా మార్చను? మీ అత్తగారి కాలం నుంచి..."

"మా అత్త పోయింది. నా మొగుడు పోయాడు. నా కొడుకు పోయాడు. గుమ్మం మాత్రం ఉండాలి మీకు!"

ఇలార్యో టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. రుఫీనా మళ్ళీ చీపురు అందుకుంది.

"సరే, రమ్మను. చోటు లేదని చెప్పడమేగా నా పని? ఈ ఏడు నేను నటించక్కర్లేదు."

ఆ మాట మధ్యాహ్నానికల్లా వాడంతా పాకింది. ఎప్పుడూ అభ్యాసానికి పాడేవాళ్ళు తప్ప ఎవరూ రారు. ఆ రోజు అన్నాలు తిన్న చేతులు కడుక్కుని అందరూ వచ్చేశారు.

మొదటి ఇంట్లో పాట సాఫీగా సాగింది. రెండో ఇంటి ముసలి బార్యో చరణం మర్చిపోయి, "చోటు లేదు... చోటు లేదు... అసలు మీరెవరింటికి వచ్చారు?" అనేసరికి జనం గొల్లుమన్నారు. "తాతా, దేవుడి తల్లిని అడ్రసు అడుగుతావేంటి!" అని ఎవరో అరిచారు. ఆ నవ్వులు రుఫీనా ఇంటి మలుపు తిరిగేసరికి సన్నగిల్లాయి.

ఆమె తలుపు మూసి వెనక నిలబడి ఉంది, చేతిలో పటకారుతో. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. అంత మెల్లగా ఆ తలుపు ఎవరూ తట్టి ఉండరు. తర్వాత పాట మొదలైంది.

"దూరమొచ్చినాము తల్లీ, పొద్దు వాలెనమ్మా,
అలసినాది నా ఇల్లాలు, తలుపు..."

అక్కడ నార్సిసో పాట ఆగిపోయింది. బయట ఇలార్యో "తీయవమ్మా, తీయవమ్మా" అని అందిస్తున్నాడు.

రుఫీనా తలుపు రెక్క తెరిచి గడప మీద నిలబడింది.

"చోటు లేదు, చూరు లేదు, చాప లేదు మీకు,
వచ్చిన దారి పట్టిపోండి, వాకిలి లేదు మీకు!"

ఎప్పటిలాగే పాడింది. ఆ తర్వాత ఎప్పటిలాగే తిట్లు అందుకుంది.

"ఇప్పుడు తెలిసిందిరా ఈ గుమ్మం? ఎవరు చూపించారు దారి? ఇన్నాళ్ళూ వంతెన కొట్టుకుపోయిందా? కాళ్ళు పడిపోయాయా? పెట్టుడు మీసం పెట్టుకుని జోజప్పనంటూ వస్తే నేను గుర్తుపట్టననుకున్నావా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. ముందున్నవాళ్ళు నవ్వలేదు. నార్సిసో తల వంచుకుని, "అత్తా" అన్నాడు.

"అత్త ఎవడికిరా? నా కొడుకు చచ్చాడన్న మాట చేపలమ్మే మనిషి తక్కెడ పక్కన పెట్టి చెప్పింది నాకు! నువ్వు చెప్పాల్సిన మాట! నా చేతి అన్నం తిన్న నోరు కదరా అది, ఏమైంది?"

"ఏం చెప్పమంటావు అత్తా?" వాడు ఒక్కసారి తలెత్తాడు. "వస్తే నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. ఎలా పోయాడు, ఆఖరికి ఏమన్నాడు అని. నాకు తెలీదు! నేను అటు తిరిగి దడి కడుతున్నాను. పడవ ఒక్క ఊపు ఊగింది. ఇటు తిరిగేసరికి నేనొక్కణ్ణే ఉన్నాను. పిలుపు లేదు, ఏం లేదు. దూకాను, వెతికాను. ఏం చూశావంటే ఏమీ చూడలేదు. ఆ మాట పట్టుకుని తల్లి దగ్గరికి ఎలా రాను?"

రుఫీనా గడప దాటి ముందుకొచ్చింది.

"పిలవలేదా?"

"లేదత్తా."

"నిన్ను పిలవలేదా వాడు? సాయం అడగలేదా?"

"ఒట్టు. ఆ గాలిలో కూడా పిలిస్తే వినపడేది. అంత దగ్గర ఉన్నాను."

అప్పుడు రుఫీనాకి వచ్చిన కోపం ముందున్న కోపంలాంటిది కాదు. పటకారు మెట్ల మీదికి విసిరికొట్టింది. అది ఖణేల్మని మూడు మెట్లు దొర్లింది.

"ఓరి దరిద్రుడా! వాడు నిన్ను పిలుస్తూనే ఉన్నాడనీ, నువ్వు చెయ్యి ఇవ్వకుండా వచ్చేశావనీ, అందుకే మొహం చాటేస్తున్నావనీ అనుకున్నానురా! కళ్ళు మూస్తే వాడి కేకే! నువ్వొచ్చి ఏమీ చూడలేదన్న ఆ ఒక్క మాట చెప్పుంటే, నా కొడుకు అరుపు నేనిన్నాళ్ళు వినేదాన్ని కాదు కదరా! ఏమీ తెలీదని చెప్పడానికి కూడా సిగ్గేనా? తెలీకపోతే తెలీదని చెప్పు! అదే చాలు తల్లికి!"

వాడి భుజం మీద అరచేత్తో ఒకటి వేసింది. మరొకటి వేసింది. వాడు కదల్లేదు. మూడోది వెయ్యబోతుంటే, పక్కనున్న తెరెసీతా నడుం పట్టుకుని మెల్లగా కింద మెట్టు మీద కూలబడింది. ఎండలో మూడిళ్ళు తిరిగిన పిల్ల. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి.

రుఫీనా చెయ్యి గాల్లోనే ఆగింది. "ఈ పిల్లని నిలబెట్టి చంపుతారా అందరూ కలిసి? ఏడో నెల కాదూ? ఒక్కరికీ బుద్ధి లేదు! లే అమ్మా, లోపలికి రా. పట్టుకోరా, అలా దుంగలా నిలబడ్డావేం, నీ పెళ్ళామేగా!"

ఇలార్యో చేతులు రెండూ ఎత్తేశాడు. "రుఫీనా! మూడో గుమ్మం తెరవకూడదు! మరియతల్లి ఇక్కడే లోపలికొచ్చేస్తే గుడికి ఎవరొస్తారు?"

"కాళ్ళ వాపు తగ్గాక వస్తుంది. నువ్వు ముందు నడిచి వెళ్ళి, ఆలస్యమవుతుందని గుళ్ళో చెప్పిరా!"

ఈసారి వెనకున్నవాళ్ళు, ముందున్నవాళ్ళు అందరూ నవ్వారు. పూరిఫికా ముక్కు చీదుకుంటూ నవ్వింది.

తెరెసీతాకి కుర్చీ వేసి, కాళ్ళ కింద పీట పెట్టి, అల్లం నీళ్ళు కాచడానికి రుఫీనా లోపలికి వెళ్తూ నార్సిసో వైపు వేలు చూపించింది. "నువ్వు మాత్రం గడప దాటకు. నా కోపం పోలేదు."

వాడు మెట్ల మీదే కూర్చున్నాడు. ఆమె గిన్నెతో తిరిగొచ్చేసరికి మెట్ల కింద బోర్లించిన కుంపటిని తిరగేసి, సాలెగూడు దులుపుతున్నాడు.

"ముట్టుకోకు."

వాడు అంచు మీద వేలు నడిపాడు. "పగిలింది అత్తా ఇక్కడ. వేడి పక్కకి పోతుంది."

"పోయినేడే పగిలింది. వాడు పూస్తానన్నాడు." ఆమె గిన్నె తెరెసీతా చేతికిచ్చింది. "బంకమట్టి ఒక్కటే పూస్తే నిలవదు. బూడిద కలపాలి, చిటికెడు ఉప్పు వెయ్యాలి."

వాడు లేచి మట్టి కోసం సరస్సు ఒడ్డుకి వెళ్ళాడు. పెట్టుడు మీసం తీయడం మర్చిపోయాడు. ఆ మీసంతో బురదలోకి వంగిన జోజప్పని గుమ్మంలోంచి చూసేసరికి, ఎక్కడినుంచి వచ్చిందో, రుఫీనాకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కొడుకు పోయాక అదే మొదటి నవ్వు. అది వస్తే కొడుక్కి ద్రోహం చేసినట్టని ఇన్నాళ్ళూ భయపడింది. అలా ఏమీ అనిపించలేదు. వాడుంటే వాడూ నవ్వేవాడు, ఇంకా గట్టిగా.

ఆ సాయంత్రం బియ్యం నానబోసింది. సోమవారం రుబ్బి పిండి పులియబెట్టింది.

మంగళవారం తెల్లవారుజామున గుడి గంట మొదటిసారి మోగేసరికి ఆమె మెట్లు దిగింది. నార్సిసో అప్పటికే కొబ్బరిచిప్పల బొగ్గు రాజేసి విసురుతున్నాడు. పొగకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడా రాజేసేది? రేపట్నుంచి ఇంకా ముందు రావాలి" అంది రుఫీనా. రేపట్నుంచి అన్న మాట ఆమె నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

మొదటి మూకుడు దించి, ఆకు విప్పి, వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని చూస్తూ ఊరుకున్నాడు. అది ఎవరు తినే రొట్టో వాడికి తెలుసు.

"తినరా. చల్లారితే బండరాయి అవుతుంది. ఎలా ఉంది?"

వాడు నమిలాడు, మింగాడు. "పైన మాడింది అత్తా."

"మాడకేం? మూతమీద నిప్పులు పోసింది నువ్వే! సగం తీసెయ్. నేను పూజకి వెళ్ళొస్తాను, అప్పటిదాకా చూసుకో. ఇంకోమాట. ఇరవైనాలుగున నువ్వొచ్చి పాడినప్పుడు నేను తలుపు తియ్యను. తిడతాను కూడా. ఆచారం ఆచారమే."

"తిట్టు అత్తా" అన్నాడు వాడు నోటినిండా రొట్టెతో.

ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని, పొగ వాసనతోనే గుళ్ళోకి వెళ్ళి ముందు బల్ల మీద కూర్చుంది. ఫాదర్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. మళ్ళీ సంతోషం గురించే. రుఫీనా మొహం చిట్లించుకుంది గానీ లేవలేదు. ఆఖరి దాకా కూర్చుంది.