గ్లిజరిన్ లేని కన్నీళ్లు

ఏడేళ్ల పిల్లకు, వాళ్లమ్మ బస్సు కింద పడిందని నేను అబద్ధం చెప్పాను. ఈ ఉదయం పాత మేకప్ పెట్టె దులుపుతుంటే గ్లిజరిన్ సీసా జిగురు వేలికి అంటింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ పిల్లే కళ్లముందు నిలిచింది. ఆ పిల్లతో పాటు, ఆ రోజు నన్ను నిలదీసిన లక్ష్మమ్మ కూడా.

హైటెక్ సిటీ లేస్తున్న రోజులవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక షూటింగుకు నేను మేకప్‌మ్యాన్‌ని. స్వాతి అనే ఆ పిల్ల ఏడవాలి, ఏడుపు రావడం లేదు. గ్లిజరిన్ పెడితే పసికళ్లు మండుతాయి కదా, ఏదైనా చెప్పి ఏడిపించండని సలహా ఇచ్చింది నేనే. వాళ్లమ్మ మందులకని టోలిచౌకి వెళ్లింది. “నువ్వే చెప్పవయ్యా సత్యం, నీ దగ్గర చనువు దానికి” అన్నాడు దర్శకుడు. చెప్పాను. పిల్ల నోరు తెరిచింది. శబ్దం రాలేదు. కాసేపటికి వచ్చింది. ఒక్క టేకులో షాట్ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

కొట్టనిది లక్ష్మమ్మ ఒక్కతే. షేక్‌పేట మనిషి, జడలు వేసే పని, చదువు లేదు. పిల్లను చంకనెత్తుకుని, “మీ అమ్మ మంచిగున్నది బిడ్డా, గీళ్లు అబద్ధమాడిండ్రు” అంది.

“ఎవరమైనా చెయ్యి చేసుకున్నామా లక్ష్మమ్మా? ఏంటీ రాద్ధాంతం?” అని నవ్వాడు దర్శకుడు.

“చెయ్యెందుకు సారూ? తెల్లారంగ లేపి బువ్వ పెట్టకుంట కూసోబెట్టిండ్రు. బడి మాన్పిచ్చిండ్రు. ఏడుపొస్తలేదని నలుగురి ముంగట మొద్దని తిట్టిండ్రు. గిప్పుడు తల్లిని సంపిండ్రు. ఇంక కొట్టుడు దేనికి?”

“కళ్లు మండకూడదనే కదమ్మా” అని నసిగాను.

“కండ్లు మండితె నీళ్లతోని కడిగితె పోతది సత్తెన్నా. గిది దేంతోని కడుగుతవ్? చెప్పినోడివి నువ్వు. తప్పయిందని దానికి నువ్వే చెప్పాలె.”

నేను పౌడర్ డబ్బా సర్దుకుని పక్కకు వెళ్లిపోయాను.

అంతవరకు పిల్లల మీద హింస అంటే నాకు బెత్తం, వాత. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ని, తర్వాత పుస్తకాలు వెతికి చదివాను. దెబ్బ, వేయకూడని చోట వేసిన చెయ్యి, ఆకలి పట్టించుకోకపోవడం, మాటతో మనసు విరవడం – అన్నిటికీ పేర్లున్నాయి. లక్ష్మమ్మ పేర్లు లేకుండానే చెప్పింది. నటన నేర్పడం చేతకాని పెద్దలు పసివాళ్ల ప్రాణం తోడి, దానికి సహజత్వమని పేరు పెట్టారు! ఆ తర్వాత ఏ సెట్లో పిల్లలున్నా బ్రష్ పట్టేముందు అడిగేవాణ్ని: తిన్నారా? అమ్మ ఎక్కడ? అలా అడిగినందుకు రెండు సినిమాల్లో పని పోయింది. పోనీ.

లక్ష్మమ్మ మాత్రం ఎక్కడ కనబడినా ఒకటే అడిగేది: “ఆ పోరికి చెప్పినవా?” ఎక్కడుందో తెలీదనేవాణ్ని. స్వాతివాళ్లు మధురానగర్‌లో ఉంటారని నాకు తెలుసు. నిరుడు లక్ష్మమ్మ పోయింది. పదకొండో రోజు భోజనం నుంచి వచ్చి స్వాతికి ఉత్తరం రాసి, వాళ్లమ్మ చేతికిచ్చాను. సాకులేవీ రాయలేదు. అబద్ధం నాది, సలహా కూడా నాదే అని రాసి సంతకం పెట్టాను. నాలుగు నెలలకు జవాబొచ్చింది.

“సత్యంగారూ, చెప్పింది మీరేనని నాకు గుర్తుంది. అమ్మనడిగితే సినిమావాళ్ల సరదా అంటుంది. ఇప్పటికీ అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఆఫీసులో మీటింగ్ వదిలేసి ఇంటికి పరిగెత్తుతాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. క్షమించానని రాయలేను. కానీ అది సరదా కాదని ఒక పెద్దమనిషి సంతకం పెట్టి రాసిచ్చారు. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను.”