బావ గ్రీజు పెట్టిన గేమ్ కంట్రోలర్

స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసే మా బావకు, విలేకరినైన నాకు ఒకే రోజు సెలవు దొరకడం అరుదు. ఈ రోజు దొరికింది. ఫుట్‌బాల్ గేమ్ ఆడదామని కూర్చుంటే, జాయ్‌స్టిక్ ముట్టుకోకుండానే తెరమీద ఆటగాడు ఎడమవైపు పరుగెత్తాడు. బావ కంట్రోలర్ విప్పి, ప్లాంటులో బేరింగులకు పెట్టినట్టు లోపలంతా గ్రీజు కూరాడు.

"అంత గ్రీజేటి బావా? ఇదేటి, క్రేనా?" అన్నాను.

"నీ వార్తలు నువ్వు రాసుకో బావా. గ్రీజెట్టినాక తిరగని మిషను నాను సూళ్లేదు."

ఇప్పుడు ఆటగాడు ఎటూ కదలడం లేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన బావ సోఫాలోనే నిద్రపోయాడు. ఇద్దరికీ మళ్లీ సెలవు కలిసేది ఎప్పుడో తెలియదు.

పరుగు మానేసి నిలబడ్డ ఆ ఆటగాడిని చూస్తే నాకు కొంచెం అసూయగానే ఉంది. గ్రీజు వదిలించే మార్గం తెలిసినవారు చెప్పండి. తొందరేమీ లేదు.