మూత మీద పద్యం

మా వదినకి చదువు తక్కువ, నోరు ఎక్కువ అంటాడు అన్నయ్య. ఆ నోటికి ప్రాస మాత్రం అడక్కుండానే వస్తుంది.

వదినా నేనూ ఒకే లాండ్రీలో హోటలు యూనిఫారాలు ఇస్త్రీ చేస్తాం. అక్కడ మామూలుగా మొరపెట్టుకుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకే ఏం కావాలన్నా వదిన చేత నవ్వొచ్చే పద్యం రాయించి గోడకి అంటించేవాళ్లం. ఫ్యాను అలాగే బాగుపడింది. మంచినీళ్లూ అలాగే వచ్చాయి.

తర్వాత నా ఇస్త్రీ మెషీను మీది కాలే మూత దానంతటదే పడిపోవడం మొదలుపెట్టింది. దాని కింద మెత్త మీద చొక్కా సర్దుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. వదిన రాసింది:

మూతమ్మా, నిద్రొస్తే ముందే చెప్పు తల్లీ
లోపలుంది నా చెయ్యి, చొక్కా కాదు మళ్లీ

మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడు. మూత సంగతి అడిగితే, "మెషీను ఆపితే పని ఆగిపోతుందమ్మా, చూద్దాం" అన్నాడు. వాడి చూద్దాం పాడుగాను.

ఒక మధ్యాహ్నం ఆ మూత నా కుడిచేతి మీద పడింది. చర్మం మెత్తకి అంటుకుపోయింది. వదినే మూత ఎత్తి నన్ను లాగింది.

కట్టుతో మళ్లీ పనికెళ్లిన రోజున మేనేజరు మీటింగు పెట్టాడు. జాగ్రత్తగా పనిచేయాలట. తప్పు మాదన్నట్టు. పైగా వదిన వైపు తిరిగి, "అందరూ దిగులుగా ఉన్నారు, ఓ మంచి పద్యం చెప్పి నవ్వించమ్మా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వదిన లేచి, ఆయన మొహంలోకే చూస్తూ చెప్పింది:

సారు కుర్చీ కిర్రుమంటే పరుగున వచ్చు మేస్త్రి
మూత పడితే మా చేతికి ఉచితంగా ఇస్త్రీ

హాలంతా గొల్లున నవ్వింది. మేనేజరు ఒక్కడే నవ్వలేదు.

"ఇది కవిత్వం కాదు, ఎగతాళి" అన్నాడు.

"మొదటిదీ ఎగతాళే సార్. అది మూత మీద కాబట్టి మీకు బాగుంది" అంది వదిన.

మర్నాడే మెకానిక్ వచ్చాడు. స్ప్రింగు ఒకటి తీసి, ఇంకోటి వేశాడు. అంతే. తెచ్చిచ్చిన టీ కూడా చల్లారలేదు.

వదిన ఆ పాత స్ప్రింగు వైపు చూసింది, ముడుచుకోని నా వేళ్ల వైపు చూసింది.

"ముందే ఈ పద్యం రాయాల్సింది" అంది.