నేను తాగేసిన శాంపిల్

ఆ రోజుల్లో మా ల్యాబులో విద్యార్థులం ముగ్గురం, లెక్కకొచ్చేది ఇద్దరే. మూడోవాణ్ణి నేను. నా ప్రశ్నకు మా గైడు గారు ఇన్నేళ్ళుగా జవాబివ్వలేదు (వాట్సాప్‌లో చూస్తారు, ఊరుకుంటారు). అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పని నీళ్ళలోంచి రంగు లాగేసే పాలిమర్ నానోరేణువులు చేయడం. అవి కలిసిన మజ్జిగలాంటి ద్రవాన్ని రంగునీళ్ళలో పోస్తే, కంటికి ఆనని రేణువులు రంగును అంటించుకుని మెల్లగా అడుక్కి దిగుతాయి. ఒకనాడు వన్ టౌన్‌లో చీరలకు రంగులద్దే ఆసామి ఒకాయన తన తొట్టిలోని ఎర్రనీళ్ళు క్యాన్‌లో పట్టుకుని చూడ్డానికొచ్చాడు. గైడు గారు సీనియర్లిద్దర్నీ పేరుపేరునా పరిచయం చేసి, "మిగతావాళ్ళు కూడా ఉన్నారండి" అన్నారు. ఆ మిగతావాళ్ళు నేనొక్కణ్ణే. ఆ ఎర్రనీళ్ళలో మా ద్రవం పోసి, రంగు దిగాక, పైకి తేరిన నీళ్ళు వడకట్టి గ్లాసులో పోసిందీ నేనే. ఆసామి దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "బానే ఉందండి. మరి తాగుతారా బాబూ?" అన్నాడు. అందరూ నవ్వారు, గైడు గారితో సహా. నాకు మండింది. గ్లాసు లాక్కుని గటగటా తాగేశాను.

ఆసామి ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, ఆ ఎరుపు కడిగితే పోయేది కాదండీ! మా నాన్న చేతులు ఆయన పోయేదాకా ఎర్రగానే ఉన్నాయి." సీనియర్ అక్క నా చెవిలో, "ఒరే, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పావా?" అంది (రేణువుల్ని గిర్రున తిప్పి విడదీసే యంత్రం అది). "వడకట్టాగా అక్కా." "వడకాగితంలోంచి దూరిపోతాయిరా! పెద్దవే దిగుతాయి, చిన్నవి పైనే ఉంటాయి." వాటిని అంత చిన్నవిగా చేయడానికి ఆర్నెల్లు కష్టపడ్డవాణ్ణి నేనే. "సార్, నాకేమైనా అవుతుందా?" అని అడిగాను. ఆయన ఖాళీ గ్లాసు వంక చూసి, "రీడింగ్ తీయకుండా శాంపిలంతా తాగేశావా?" అన్నారు.

బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరు గారు నా కడుపు నొక్కి, "పాలిమరేంటి? నిజం చెప్పు బాబూ, ఇంట్లో గొడవా, ప్రేమా?" అని ఆరా తీసి, చివరికి "రెండ్రోజులు గమనించుకో" అని పంపేశారు. బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని, ప్రభువును తలచుకుని, ఒక్క కన్ను తెరిచేవాణ్ణి. మూడోనాడు పొద్దున తెరిస్తే, ఎరుపు! "అమ్మా, అయిపోయాను!" అని గోడ పట్టుకుని కూలబడ్డాను. అమ్మ పరుగున వచ్చి, విషయం విని, "ఏడిశావ్. రాత్రి బీట్‌రూట్ వేపుడు మూడుసార్లు వడ్డించుకున్నది ఎవర్రా?" అంది.

గోడ పట్టుకుని ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. కానీ సార్, బీట్‌రూట్ బయటికొచ్చింది, నేను కళ్ళారా చూశాను. ఆ రేణువుల మాటేమిటి? వచ్చేశాయా, ఇంకా నాలోనే ఉన్నాయా? ఒక్క మాట చెప్పండి.