సైరన్ లేని చప్పుడు

మా వాడకు ఓపెన్‌కాస్ట్ గని దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగుకు ముందు సైరన్ కూస్తుంది. అది వినగానే ఇళ్లలో ఉన్నవాళ్లం బయటికొచ్చి నిలబడతాం. గోడలు అదిరి పైనుంచి ఏదైనా జారుతుందేమోనని భయం. ఈ అలవాటు మాకు నేర్పింది నర్సింగం కాక. గనిలో బ్లాస్టింగు జట్టులో పనిచేసి రిటైరయ్యాడు. సైరన్ కూయగానే ముందు తన భార్య సారవ్వ చిన్నమ్మను చెయ్యి పట్టి నడిపించుకొచ్చి వేపచెట్టు కింద కూర్చోబెడతాడు. తర్వాత మా ఇళ్ల వైపు తిరిగి, "ఇంకెవరన్న ఉన్నరా లోపల?" అని కేకేస్తాడు. చిన్నమ్మవి పట్టేసిన మోకాళ్లు. ఊతకట్టె ఉన్నా, కాక చెయ్యి అందిస్తేనే లేస్తుంది.

"సైరన్ కూసినంక సప్పుడైతే ఫికర్ లేదు," అనేవాడు కాక. "సైరన్ లేకుంట అయితే తప్పు జరిగినట్టు. ఎనుకముందు సూడకుంట ఉరుకాలె."

ఒక ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సుజిత టీచర్ తెరమీద రాకెట్ దిగడం చూపిస్తానంది. మైక్‌సెట్ జైపాలన్న పెళ్లిళ్లకు పెట్టే పెద్ద బాక్సులు తెచ్చాడు. నలుగురిలో ముందు కూర్చోవడం నాకు చేతకాదు. బడి మానేసినప్పటి నుంచి మరీను. తలుపు పక్కన నిలబడ్డాను. కాక, చిన్నమ్మ ముందు వరసలో ఉన్నారు. చిన్నమ్మ కట్టె కాక ఒళ్లో ఉంది.

"ఇదివరకు రాకెట్ కింది భాగం సముద్రంల పడిపోయేది," అంది టీచర్. "ఇప్పుడు ఇంజను మళ్లా ముట్టించుకొని, ఆ మంటతోటే వేగం తగ్గించుకుంట దిగుతది. జాలీ రెక్కలతోటి దారి సరిచేసుకుంటది. ఆఖరుకు కాళ్లు చాపుతది."

"మళ్లా అదే ఎగురుతదా?" అన్నాడు కాక.

"బాగుచేసి ఎగిరేస్తరు కాకా. సామాను ఖరాబ్ కాదు. కాని అది కాల్చేది కిరోసిన్, దాని మసి ఉంటది గదా, అది మస్తు పైన ఉండిపోతది."

"మసిని వాన కడగదా బిడ్డా?"

"అంత పైన వాన ఉండదు. ఏండ్లకేండ్లు అట్లనే తేలుతది. ఎక్కువ ఎగిరేసినకొద్ది నష్టమే అంటున్నరు."

"ఇక్కడ గని దుమ్ము దులుపతందుకు మేమన్న ఉన్నం," అంది చిన్నమ్మ. అందరూ నవ్వారు.

దూరం నుంచి తీసిన వీడియో అది. రాకెట్ చప్పుడే లేకుండా దిగి నిలబడింది. చప్పట్లు కొట్టారు. టీచర్ ఏదో చెప్పబోయింది కాని వినబడలేదు. అంతలో బాక్సుల్లోంచి ధబ్బు ధబ్బుమని రెండు దెబ్బలు. కిటికీలు గడగడలాడాయి.

ఎవరూ కదల్లేదు. కాక ఒక్కడే లేచాడు. నన్ను తోసుకుంటూ బయటికి పరుగెత్తాడు. వేపచెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. చేతిలో కట్టె ఉంది. చిన్నమ్మ లోపలే ఉంది.

"రాకెట్ దిగింది, కాక ఎగిరిండు!" అన్నాడు జైపాలన్న. హాలంతా ఘొల్లుమంది. చిన్నమ్మ కూడా నవ్వింది.

"ఆ రాకెట్ సప్పుడు కన్న జోరుగ వస్తది. అందుకే దూరమున్నోళ్లకు అది దిగినంక సప్పుడు వినిపిస్తది," టీచర్ గబగబా చెప్పింది. "అక్కడ కూడ దగ్గరున్న ఇండ్లు అదురుతయట, పిట్టలు లేచిపోతయట."

కాక గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. కట్టె నా చేతికిచ్చి, "ఆమెకియ్యి బిడ్డా," అన్నాడు. ఆ రోజు చిన్నమ్మను ఇంటికి నడిపించింది నేను. కాక మా వెనక చాలా దూరంగా వచ్చాడు.

తర్వాత కొన్నాళ్లు ఆయన రోజూ చాయ్ తాగే హోటల్ వైపు పోలేదు. ఒక రోజు టీచర్‌ను ఇంటికి పిలిచి, ఆ వీడియో ఫోన్‌లో మళ్లీ పెట్టమన్నాడు. చిన్నమ్మకు రవికె కుట్టడానికి కొలతలకని వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. చిన్నమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చప్పుడైంది. కదల్లేదు.

"సూసినవా? కూసున్న," అన్నాడు.

"సప్పుడు అస్తదని ఎరికైనంక ఎవలైన కూసుంటరయ్యా," అంది చిన్నమ్మ. గొంతులో కోపం లేదు. చెయ్యి మెల్లగా విడిపించుకుని కొంగు సవరించుకుంది.

మర్నాడు సైరన్ ఇంకా కూయకముందే చిన్నమ్మ వేపచెట్టు కింద కనిపించింది. గోడ పట్టుకుని ఒక్కతే వచ్చినట్టుంది, అరచేతులకు సున్నం అంటుకుంది. సైరన్ కూసింది. కాక లోపలంతా వెతికి గుమ్మంలోకి వచ్చాడు. ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు.

ఆ రోజు ఆయన మా ఇళ్ల వైపు కేకేయలేదు. మా అంతట మేమే బయటికొచ్చాం.